ఐదో సీటు ఎవరిది?

చిన్నకారులో ఐదుగురు కూర్చోవచ్చని అమ్మేవాళ్లు చెప్తారు. బండి కాగితాల్లోనూ ఐదు సీట్లనే ఉంటుంది. మన ఇళ్లలో మగవాళ్లూ అదే మాట మీద ఉంటారు. నా లెక్కలో మాత్రం నాలుగున్నర. వెనక మధ్యలో ఉండేదాన్ని సీటు అనడానికి నాకు నోరు రాదు. అది రెండు సీట్ల మధ్య మిగిలిన జాగా. పెళ్లి భోజనాల్లో రెండు కుర్చీల మధ్య ఓ స్టూలు ఇరికించి "ఇక్కడ కూర్చోమ్మా, నువ్వు ఇంటిపిల్లవే కదా" అంటారే, అలాంటిదన్నమాట.

ఆ సగం సీటు మీద ఎవరి పేరూ రాసి ఉండదు. అయినా అందులో ఎవరు కూర్చోవాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. బండి నడిపేది ఆయన. పక్కన మామగారు, పెద్దవారు కాబట్టి. లేదా మరిది, కాళ్లు పొడుగు కాబట్టి. వెనక ఒక కిటికీ అత్తగారిది, మోకాళ్ల నొప్పులు కాబట్టి. రెండో కిటికీ పిల్లాడిది, గాలి తగలకపోతే వాంతి చేసుకుంటాడు కాబట్టి. అందరికీ ఓ "కాబట్టి" ఉంది. మనకి లేదు. కాబట్టి మధ్యలో మనం.

ఇదేదో నా ఒక్కదాని గోడు అనుకోకండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటులో కార్లన్నీ బారులు తీరి ఆగినప్పుడు పక్క బళ్లలోకి ఓసారి చూడండి. వెనక మధ్యలో, ఒళ్లో ఒక సంచీ, సంచీ మీద ఒక పిల్ల, మోకాళ్లు గడ్డానికి దగ్గరగా పెట్టుకుని ఓ ఆడమనిషి ఉంటుంది. పక్కవాళ్లకి నీళ్ల సీసా మూత తీసి ఇస్తూనో, నారింజ తొనలు ఒలిచి ముందుకి అందిస్తూనో ఉంటుంది. ఎన్ని కార్లు చూసినా ఆ చోట మీసాలున్న మనిషి కనపడడం అరుదు.

ఆ జాగా ఎలా ఉంటుందో అందులో కూర్చున్నవాళ్లకే తెలుసు. కింద కాళ్లు పెట్టుకునే చోట గట్టు. పొగగొట్టం పోవడానికీ, అడుగు రేకు గట్టిగా ఉండడానికీ ఆ గట్టు వస్తుందట. దాని మీద పాదాలు పెడితే మోకాళ్లు పైకి లేస్తాయి. అటూ ఇటూ దించితే పక్కవాళ్ల చెప్పుల మీద పడతాయి. సీటు మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏ మలుపులోనైనా ఎవరో ఒకరి మీదకి జారాల్సిందే. నడుము దగ్గర బెల్టు బకిలీలు గుచ్చుకుంటాయి. మడిచిపెట్టే చేతిదిండు ఉన్న బండి అయితే వీపుకి మెత్త బదులు ఆ దిండు వెనక గట్టితనం తగులుతుంది. చాలా బళ్లలో ఆ చోట తలకి ఆనుడు ఉండదు. నిద్ర వస్తే తల ఎక్కడ వాల్చాలి? అత్తగారి భుజం మీదా?

పదేళ్ల కిందట మా ఇంటికి కారు వచ్చింది. డౌన్‌పేమెంటులో లక్షన్నర నా చీటీ డబ్బులు. పాట పాడకుండా ఆఖరిదాకా ఆగి తీసుకున్న చీటీ అది. ఈ పదేళ్లలో ఊళ్లకి వెళ్లిన ప్రతిసారీ నేను ఆ గట్టు మీదే ఉన్నాను. ఇప్పుడా కారు మార్చేద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. అందుకే ఈ గొడవ ఇప్పుడు రాస్తున్నాను. కారు వచ్చేశాక రాస్తే అది ఏడుపు. రాకముందు రాస్తే అది బేరం.

మనకి మొదట వినిపించే మాట "కొంచెం సర్దుకో". ఈ సర్దుకోవడమనే మాట ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంది, గమనించారా? వంటగదిలో గాలి ఆడకపోతే సర్దుకో. బీరువాలో మన చీరలకి ఒక్క అరే మిగిలితే సర్దుకో. కారులో కాళ్లు పట్టకపోతే సర్దుకో. సర్దుకోవడం చెడ్డదని నేననను. ఐదుగురూ వంతులవారీగా సర్దుకుంటే దాన్ని కాపురం అంటారు. ఎప్పుడూ ఒక్కరే సర్దుకుంటే దానికి ఇంకేదో పేరు ఉండాలి.

రెండో మాట ఇంకొంచెం తెలివైనది. "చిన్నకారన్నాక ఇరుకుగానే ఉంటుంది, ఇంతకంటే పెద్దది మన వల్ల కాదు." ఇది విని నోరు మూసుకోకండి. ఇందులో సగమే నిజం. పెద్దకారు మన వల్ల కాదన్నది నిజం. చిన్నకార్లన్నీ ఒకేలా ఇరుకుగా ఉంటాయన్నది అబద్ధం. ఆ రెండోది అబద్ధమని చెప్పడానికి అంకెలున్నాయి, చూడండి.

మన దేశంలో చిన్నకారు అంటే ఏమిటో తేల్చింది పన్నుల లెక్క. 2006 కేంద్ర బడ్జెట్‌లో పొడవు నాలుగు మీటర్లు దాటని, పెట్రోలు ఇంజనయితే 1,200 సీసీ, డీజిలయితే 1,500 సీసీ మించని బళ్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. ఆ నాలుగు మీటర్ల గీత అప్పటి నుంచీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపలి పెట్రోలు, డీజిలు కార్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, గీత దాటితే 40. అందుకే కంపెనీలు బండిని 399 సెంటీమీటర్ల దగ్గర కోసి ఆపుతాయి. పన్నువాళ్లు బంపరు నుంచి బంపరుకి కొలుస్తారు. ఇంజను ఎంతో చూస్తారు. వెనక కూర్చున్న మనిషి మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో మాత్రం ఏ లెక్కలోనూ లేదు. అది మనమే కొలుచుకోవాలి.

బయటి పొడవు చూసి లోపలి చోటు చెప్పలేం. స్విఫ్ట్ పొడవు 386 సెంటీమీటర్లు. దాని తోడు డిజైర్, డిక్కీ ఉన్నది, 399.5. పదమూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ కదా, లోపల విశాలంగా ఉంటుందని మా మరిది వాదించాడు. రెండింటికీ ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకి దూరం ఒకటే, 245. మనుషులు కూర్చునేది ఎక్కువగా ఈ చక్రాల మధ్యనే. మిగిలిన పొడవు సామాన్లకి వెళ్లింది. సూట్‌కేసులకి సుఖం పెరిగింది, మనకి కాదు. ఈ చక్రాల దూరాన్ని వీల్‌బేస్ అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, షోరూములో పనికొస్తుంది. ఆల్టో కె10లో అది 238. టియాగోలో 240. బాలెనోలో 252. ఐ20లో 258. ట్రైబర్‌లో 263.6. వీటిలో ఒక్కటి కూడా నాలుగు మీటర్లు దాటలేదు. ఆ చివరికీ ఈ చివరికీ పాతిక సెంటీమీటర్ల తేడా. పాతికంటే మన జానెడు మీద ఇంకాస్త. వెనక కూర్చున్న మనిషికి జానెడు చోటు విలువ ఎంతో ఎవరికి వేరే చెప్పాలి?

అయితే వీల్‌బేస్ ఒక్కటే చూసినా చాలదు. ఇంట్లో పీట మీద కూర్చుంటే కాళ్లు ముందుకి చాపుకోవాలి, కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు వంగి పాదాలు కిందకి దిగుతాయి. పీట మీది మనిషికి పొడవు కావాలి, కుర్చీ మనిషికి ఎత్తు కావాలి. కార్లూ అంతే. వ్యాగన్ ఆర్ స్విఫ్ట్ కంటే ఇరవై సెంటీమీటర్లు పొట్టి. అయినా ఎత్తు 167.5, స్విఫ్ట్ ఎత్తు 152. ఎత్తు ఎక్కువ కాబట్టి సీట్లు కుర్చీల్లా నిటారుగా వేయగలిగారు, కాళ్లు కిందకి దిగుతాయి, పొట్టికారులోనే మోకాళ్లకి చోటు దొరుకుతుంది. చూడ్డానికి డబ్బాలా ఉందని మగపిల్లలు వెక్కిరించే కార్లలోనే ఇంట్లో పెద్దవాళ్లు సుఖంగా ఎక్కి దిగుతున్నారు. సీటు మన తుంటి ఎత్తుకి దగ్గరగా ఉంటే ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. మరీ కిందకి ఉంటే లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. మరీ పైకి ఉంటే చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని మెట్టెక్కినట్టు ఎక్కాలి. రోడ్డు మీద ఠీవిగా ఉంటుందని కొనే ఎత్తుబళ్లలో ఈ బాధ ఉంటుంది. ఠీవి నడిపేవాళ్లది, ఎక్కేది అత్తగారు.

ఇక వెడల్పు. ఐదో మనిషి సంగతి తేలేది ఇక్కడే. జపాన్‌లో కేయి కార్లని చిన్నబళ్ల తరగతి ఒకటుంది. వాటి వెడల్పు 148 సెంటీమీటర్లు దాటకూడదు, వాటిలో నలుగురికే సీట్లు. మన ఆల్టో కె10 వెడల్పు 149. ఒక్క సెంటీమీటరు ఎక్కువ. అందులో మనవాళ్లు ఎంతమంది ఎక్కుతారో నేను చెప్పక్కర్లేదు, ఒళ్లో పిల్లల్ని లెక్కలోకే తీసుకోరు. వ్యాగన్ ఆర్ 162, స్విఫ్ట్ 173.5, ఐ20 177.5. ఇవి బయటి కొలతలు. రెండు తలుపుల మందం, అద్దం దిగే సరంజామా, చేతులు ఆనించే దిమ్మెలు తీసేశాకే మన భుజాల వంతు.

మా పాతకారులో భుజాల ఎత్తున తలుపు నుంచి తలుపుకి జాకెట్టు కొలతల టేపుతో కొలిచాను. 122 సెంటీమీటర్లు. అత్తయ్య భుజాలు 44, నావి 41, మావాడివి 36. మొత్తం 121. చూశావా సరిపోయింది అన్నారు మా ఆయన. సరిపోతుంది, మనుషుల్ని అట్టపెట్టెల్లా పేరిస్తే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? ఊపిరి పీలిస్తే ఎటు ఉబ్బాలి? ఆ పెట్టెల్లో ఒకటి నాలుగు గంటల తర్వాత దిగి, చెప్పులు విడిచి, నేరుగా అత్తవారి వంటింట్లోకి వెళ్లి అందరికీ కాఫీ కలపాలి కదా?

సీట్ల సంగతి ఇంకో కథ. కారు లోపల కొలతలు తీయడానికి కంపెనీలు వాడే ప్రామాణిక బొమ్మ ఒకటుంది. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన ప్రమాణం. ఆ బొమ్మ బరువూ కాళ్ల పొడవూ మగవాళ్ల లెక్కలు. గుద్దుడు పరీక్షల్లో ఏళ్ల తరబడి కూర్చోబెట్టిన "సగటు మనిషి" కూడా దాదాపు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న మగవాడే. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే ఐదడుగులు. మీరూ నేనూ మన అమ్మా.

పొడుగు కాళ్లకి సరిపోయే సీటులో పొట్టి మనిషి కూర్చుంటే ఏమవుతుందో ఒళ్లంతా తెలుస్తుంది. వీపు వెనక్కి ఆనిస్తే సీటు అంచు మోకాళ్ల వెనక కోస్తుంది, పాదాలు నేలకి ఆనవు, గంటకల్లా తిమ్మిరి. పాదాలు ఆనించుకుందామని ముందుకి జరిగితే వీపు వెనక ఖాళీ, నడుం నొప్పి. ఇంట్లోంచి దిండు తెచ్చుకునేది అందుకే. ఎనిమిది లక్షలు పెట్టి కొన్న బండిలో కూర్చోవడానికి ఇంట్లోంచి దిండు మోసుకెళ్తున్నామంటే లోపం దిండుదా, నడుముదా, బండిదా? మగవాళ్లు దీన్ని "మీ ఆడవాళ్లకి ఎప్పుడూ నడుం నొప్పులే" అని తేల్చేస్తారు.

ఆడవాళ్లు బండి నడిపినా ఇదే వరస. డ్రైవరు సీటు ఎత్తు పెంచుకునే మీట చాలా మోడళ్లలో అడుగు రకంలో ఇవ్వరు, ఇంకో యాభై వేలో లక్షో పెట్టి పైరకం కొంటే ఇస్తారు. ఐదడుగుల మనిషికి ఆ మీట సోకు కాదు, ముందు రోడ్డు కనపడే సాధనం. దాన్ని పైరకంలో దాచిపెట్టడమంటే పొట్టివాళ్ల దగ్గర అదనంగా వసూలు చేయడమే.

ఇంకో మాట, షోరూములో మెత్తగా ఉన్న సీటుని నమ్మకండి. మెత్తటి పరుపు మీద పడుకున్న పొద్దున్న నడుం పట్టేసిన అనుభవం అందరికీ ఉన్నదే. సీటూ అంతే. రెండు నిమిషాలు కూర్చుంటే మెత్తదనం బాగుంటుంది, రెండు గంటలు కూర్చుంటే తొడల కింద ఆసరా ఉన్న గట్టిసీటే బాగుంటుంది. షోరూములో ఎవరూ మనల్ని రెండు గంటలు కూర్చోనివ్వరు. కనీసం ఇరవై నిమిషాలు కూర్చుంటానని అడగండి. విచిత్రంగా చూస్తారు. చూడనివ్వండి.

ప్రాణానికి సంబంధించిన మాట కూడా ఉంది. చాలా కార్లలో వెనక కిటికీల వైపు వాళ్లకి భుజం మీదుగా వచ్చే బెల్టు ఇచ్చి, మధ్యవారికి నడుముకి కట్టుకునే పట్టీ ఒక్కటే ఇచ్చారు. గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్లంతా ముందుకి మడతపడుతుంది, ఎదురుగా రెండు సీట్ల మధ్య సందు. తలకి ఆనుడూ లేదు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవాలని చట్టం ఎప్పటి నుంచో ఉన్నా, 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో ప్రయాణిస్తూ ప్రమాదంలో పోయాకే దేశమంతా దాని గురించి మాట్లాడింది. బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో ఉండాలని కూడా చట్టమే చెప్తోంది. పిల్లల సీటు ఒకటి బిగిస్తే చిన్నకారు వెనక ఇద్దరే పడతారు. అంటే చట్టం ప్రకారం, మర్యాదగా, ప్రాణభయం లేకుండా వెళ్లాలంటే ఈ బళ్లు చాలావరకు నలుగురివే. ఐదో మనిషిని ఎక్కించే ప్రతిసారీ మనం ఒకరి భద్రత తగ్గించి లెక్క సరిచేస్తున్నాం. ఆ ఒకరు ప్రతిసారీ ఒక్కరే.

ఇవన్నీ ఇంట్లో చెప్తే వచ్చే మూడో మాట, "అందరం కలిసి వెళ్లేది ఏడాదికి నాలుగుసార్లు, దాని కోసం ఇంత రాద్ధాంతమా?" ఏడాదికి నాలుగుసార్లు వాడేవాటి కోసమే కదా మనం ఖర్చుపెడుతున్నది! పైకప్పుకి అద్దం, అదే సన్‌రూఫ్, ఎన్నిసార్లు తెరుస్తారు? మే నెలలో విజయవాడ ఎండకి తెరుస్తారా, జూలై వానకి తెరుస్తారా? పైగా దాని చట్రం కోసం తల మీద నుంచి కాస్త ఎత్తు తీసుకుంటారు. అద్దం ఉన్న రకానికీ లేని రకానికీ తేడా డబ్బులతో ఒక తరగతి పెద్ద బండి వైపు వెళ్లచ్చు, లేదా వెనక ఏసీ గాలి వచ్చే రంధ్రాలు, మూడో తల ఆనుడు, మూడో భుజం బెల్టు ఉన్న రకం తీసుకోవచ్చు. పన్ను తగ్గి మిగిలిన డబ్బు ముందు తెరకి పోతుందా, వెనక సీటుకి వస్తుందా అన్నది ఇంట్లో తేలాల్సిన మాట. షోరూము కుర్రాడు తేల్చాల్సింది కాదు.

ఆ కుర్రాడి గురించి చెప్పాలి. మొన్న ఒక షోరూముకి వెళ్లాం. మైలేజీ, పికప్, తెర ఎన్ని అంగుళాలు, అన్నీ మా ఆయనకి చెప్పాడు. నాకు చెప్పింది రెండే, రంగులు ఎన్ని ఉన్నాయో, హ్యాండ్‌బ్యాగు ఎక్కడ పెట్టుకోవచ్చో. వెనక తలుపు తీసి కూర్చున్నాను. మోకాళ్ల ముందు బోలెడు చోటు. ముందుకి తొంగిచూస్తే డ్రైవరు సీటు స్టీరింగుకి అతుక్కునేంత ముందుకి జరిపి ఉంది! మా ఆయన్ని ఎక్కి ఆయనకి వీలుగా సీటు వెనక్కి జరుపుకోమన్నాను. నా మోకాళ్ల ముందు నాలుగు వేళ్లు మిగిలాయి. "మేడమ్, ఇది ఫ్యామిలీ కారు" అన్నాడా అబ్బాయి. "అయితే ఫ్యామిలీ కూర్చునేదాకా ఆగు బాబూ" అన్నాను.

నాలుగో మాట కాస్త న్యాయమైనదే, నడిపేవాడికి సుఖం లేకపోతే అందరికీ ప్రమాదం అని. ఒప్పుకుంటున్నాను. ఆయన సీటు జోలికి నేను పోను. అది తీసేసినా ఇంకా నాలుగు సీట్లుంటాయి. వాటిని హోదాని బట్టి కాకుండా ఒంటిని బట్టి పంచమంటున్నాను. మోకాళ్లు వంగనివారు ముందుకి వెళ్లాలి. ముందు సీటుకి ఎదురుగా చోటుంది, వెనక్కి జరుపుకోవచ్చు, వాల్చుకోవచ్చు. మా మామయ్యగారు సన్నగా ఉంటారు, మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయి, రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తారు. అయినా పదేళ్లుగా ముందు సీటు ఆయనదే, ఎందుకంటే అది పెద్దరికం సీటు. పోయిన దసరాకి ఊరు బయల్దేరేటప్పుడు "అత్తయ్యా, మీరు ముందు కూర్చోండి" అని తలుపు తీసి పట్టుకున్నాను. మామయ్యగారు ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా వెనక కిటికీ దగ్గర కూర్చున్నారు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు అత్తయ్య నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది, "ఇన్నేళ్లలో రోడ్డు ఎదురుగా రావడం ఇదే చూడ్డమే అమ్మాయ్. ఎప్పుడూ పక్కకి పోవడమే చూశాను."

ఆ మాట విన్నాక నాకు అర్థమైంది, ఈ వాదన నా నడుము గురించే కాదని. మధ్య సీటు నుంచి కిటికీకి, కిటికీ నుంచి ముందుకి రావడానికి ఒక ఆడమనిషికి ముప్పై నలభై ఏళ్లు పడుతోంది. ఆ పైన వస్తే వచ్చింది, లేకపోతే లేదు.

చిన్నకారులో చోటు కుదరదన్న మాట నిజం కాదని బండ్లు చేసేవాళ్లే ఎప్పుడో చూపించారు. 1998లో బయటపెట్టిన ఇండికాకి రతన్ టాటా పెట్టుకున్న గురి ఏమిటంటే, బయట జెన్ అంత ఉండాలి, లోపల అంబాసిడర్ అంత చోటు ఉండాలి అని. లోపలి చోటుని ముందు పెట్టి ఆలోచించారు, వెనక ముగ్గురికి చోటు వచ్చింది. తర్వాత 2009లో నానో. పొడవు 310 సెంటీమీటర్లే, మారుతి 800 కంటే చిన్నది. ఇంజను వెనక్కి పెట్టి, కప్పు ఎత్తు పెంచితే పెద్దవాళ్లు కాళ్లు ముడుచుకోకుండా కూర్చోగలిగారు. ఆ బండిని మనవాళ్లు చవకదని నవ్వి వదిలేశారు, అది వేరే సంగతి. అడిగితే చోటు వస్తుంది. అడగడం లేదు కాబట్టి తెరలూ అద్దాలూ వస్తున్నాయి. కొనేటప్పుడు అడిగే మనిషి ఎప్పుడూ ముందు సీట్లో కూర్చుని చూసే మనిషి అయితే, వెనక సీటు గురించి ఎవరు అడుగుతారు?

అందుకని మీ ఇంట్లో కారు మాట వచ్చినప్పుడు రంగు దగ్గర మీ అభిప్రాయం ఆపకండి. షోరూముకి టేపు తీసుకెళ్లండి. ముందు సీటుని మీవారికి సరిపడా జరిపించి, ఆ వెనకే కూర్చోండి. పాదాలు నేలకి ఆనుతున్నాయా, మోకాళ్ల వెనక కోస్తోందా, తల వెనక ఆనుడు మీ తలకి తగులుతోందా మెడకి తగులుతోందా చూడండి. చీర కట్టుకునే వెళ్లండి, రెండుసార్లు ఎక్కి దిగండి. ఇంట్లో పెద్దావిడని తీసుకెళ్లి ఎక్కించండి. మధ్యలో భుజం బెల్టు ఉందో లేదో లాగి చూడండి. చివరగా, ఇది ముఖ్యం, చెక్కు మీద సంతకం పెట్టే మనిషిని ఆ మధ్య జాగాలో కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు ఎక్కి, ఊళ్లో ఓ అరగంట తిప్పమనండి. నేను ఇంతసేపు రాసిందంతా ఆయనకి ఆ అరగంటలో బోధపడుతుంది.

ఆ పరీక్షలన్నీ అయ్యాక కూడా నలుగురికే చోటుందని తేలితే, నలుగురే ఎక్కండి. ఐదో మనిషికి ఆర్టీసీ బస్సులో టికెట్టు తీయండి. అక్కడ ఒక టికెట్టుకి ఒక సీటు ఇస్తారు, సగం కాదు. ఆ ఐదో మనిషి ఎవరన్నది మాత్రం వంతులు వేసుకోండి. ఈసారి మనం, వచ్చేసారి మరిది, ఆ పైసారి బండి నడిపే ఆయనే. మనకీ నడపడం వచ్చుగా!